ర్యాంప్స్: అడవి నేల మీద ఏడేళ్ల ఆకు

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. 'వైల్డ్ లీక్' అనే ఈ మొక్కను తెలుగులో చెప్పబోతే ఎవరికైనా మొదట తోచే మాట 'అడవి ఉల్లి'. ఆ మాట వాడకూడదు. తెలుగునాట అడవి ఉల్లి అనీ నక్కఉల్లిగడ్డ అనీ పిలిచే మొక్క వేరే ఉంది. పైకి పెద్ద ఉల్లిగడ్డలాగే కనిపిస్తుంది కానీ, దాని నిండా గుండె మీద పనిచేసే విషపదార్థాలుంటాయి. నాటువైద్యంలో దాని ప్రస్తావన ఉంది, వంటింట్లో మాత్రం దానికి చోటు లేదు. ఉత్తర అమెరికా అడవుల్లో వసంతంలో మొలిచే వైల్డ్ లీక్ తినదగ్గదే. అయితే దానిలాగే కనిపించే లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అనే మొక్కలో ఉన్నది కూడా గుండెను పట్టే విషమే. పేర్లలో పొరపాటు కంచం దాకా వస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకని అమెరికా తూర్పు వైపున్న అపలాచియన్ కొండల జనం నోట నలిగిన 'ర్యాంప్స్' అనే పేరునే ఇక్కడా వాడుకోవడం మేలు.

శాస్త్రీయంగా దీని పేరు ఆలియం ట్రైకాకమ్. ఉల్లి, వెల్లుల్లిది కూడా ఈ ఆలియం కుటుంబమే. కెనడాలోని క్యుబెక్ నుంచి దక్షిణాన జార్జియా కొండల దాకా, పడమట మిన్నెసోటా దాకా, ఆకురాల్చే అడవులున్న చోటల్లా ఇది స్థానిక మొక్క. షికాగో నగరం పేరు వెనక ఉన్నదీ ఇదే. అక్కడి ఆదివాసులైన మయామీ-ఇలినాయి జనం భాషలో ఈ మొక్కకు 'షికాక్వా' అని పేరు. 1687లో అటుగా వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు ఆన్రీ జూటెల్, ఆ ప్రాంతపు అడవుల్లో వెల్లుల్లి విస్తారంగా పెరగడం వల్ల దానికి ఆ పేరొచ్చిందని తన దినచర్యలో రాసుకున్నాడు. షికాగో శివార్లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు రోజూ పలికే ఊరి పేరులో ఒక ఆకుకూర దాగి ఉందన్నమాట.

ఈ పదిహేను ఇరవై ఏళ్లలో ర్యాంప్స్‌కి గిరాకీ బాగా పెరిగింది. ఒకప్పుడు కొండపల్లెల పేదల కూరగా ఉన్నది, ఇప్పుడు న్యూయార్క్ రెస్టారెంట్ల వసంతకాలపు మెనూలో గొప్ప వంటకం. వారాంతపు రైతుబజార్లలో కట్టలుగా అమ్ముతారు. ఒహాయో, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినాల్లో ఏప్రిల్ నెలలో అడవిబాట నడకలకు వెళ్లే మనవాళ్లకు కూడా ఇది ఎదురవుతుంది. ఉల్లికాడల వాసన ముక్కుకు తగలగానే మనసు వంట మీదికి పోవడం సహజం. ఆ మొక్కను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, జాగ్రత్త తెలిస్తే చాలు. దాన్ని ఎంత కోయవచ్చు అన్నదే అసలు చిక్కు ప్రశ్న. ఆకుకూరల గురించి మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆరు వారాల ఎండ

గోంగూర కొస తుంచితే పక్క నుంచి రెండు కొమ్మలు వేస్తుంది. తోటకూర కోస్తే పది రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. కరివేపాకు చెట్టును తరచూ కోయకపోతేనే గుబురుగా పెరగదంటారు. తెలుగు వంటింటికి తెలిసిన ఆకుకూర స్వభావం ఇది: కోసినకొద్దీ వస్తుంది. ర్యాంప్స్ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. ఏడాదికి ఒక్కసారి, రెండో మూడో ఆకులు. వాటిని కోస్తే మళ్లీ ఆకు కోసం వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే.

ఎందుకిలా అన్నది అడవి నేల మీద ఎండ లెక్క చూస్తే తెలుస్తుంది. సుగర్ మేపుల్, బీచ్, బాస్‌వుడ్ లాంటి చెట్లు చలికాలమంతా మోడులుగా ఉంటాయి. మార్చి చివర మంచు కరిగి నేల మెత్తబడే సరికి, అంటే సుమారుగా మన ఉగాది వేళకు, చెట్లింకా చిగురించవు. నేల దాకా ఎండ నేరుగా పడుతుంది. దక్షిణ కొండల్లో మార్చి నెలాఖరుకు, క్యుబెక్ వైపు ఏప్రిల్ ముగిసే వేళకు ర్యాంప్స్ ఆకులు నేల చీల్చుకుని వస్తాయి. మే నెల సగం దాటేసరికి పైన చెట్లు ఆకులేసి గొడుగు పట్టేస్తాయి. కింద నీడ కమ్మేస్తుంది. ర్యాంప్స్ ఆకులు పసుపుబారి, మెత్తబడి, జూన్ కల్లా మాయమవుతాయి. ఈ ఆరేడు వారాల్లో ఆకు సంపాదించిన పిండిపదార్థమంతా నేలలోని గడ్డలోకి దిగుతుంది. మిగతా ఏడాదంతా, మరుసటి వసంతపు మొలకతో సహా, మొక్క బతికేది ఆ నిల్వ మీదే.

ఆకులు పోయాక జూన్, జులైల్లో నేల నుంచి ఒక్క నున్నటి కాడ లేస్తుంది. దాని కొసన తెల్లటి చిన్న పూలు గుత్తిగా పూస్తాయి. ఆకు ఒక కాలంలో, పువ్వు ఇంకో కాలంలో రావడం వల్ల రెండూ ఒకే మొక్కవని చాలామందికి తెలియదు. సెప్టెంబరు నాటికి పూలు కాయలవుతాయి. ఒక్కో కాయకు మూడు అరలు, అరకో నల్లటి గింజ. 'ట్రైకాకమ్' అన్న పేరుకు మూలం ఆ మూడు అరలే. ఎండిన కాడ మీద మెరిసే నల్లపూసల్లాంటి ఆ గింజలు చలికాలం దాకా నిలుస్తాయి కూడా.

చేతిలోకి తీసుకుని చూస్తే

ర్యాంప్స్ ఎక్కడపడితే అక్కడ ఉండవు. తేమ నిలిచే, ఆకుకుళ్లు దట్టంగా పేరుకున్న, నల్లటి మెత్తని నేల కావాలి. ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలూ తూర్పు వాలూ, కొండల మధ్య మడతలూ, చిన్న వాగుల పక్కన నీరు నిలవని గట్లూ వీటి తావులు. ట్రిలియం, బ్లడ్‌రూట్, ట్రౌట్ లిల్లీ పూసే చోట వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. పైన్ చెట్ల కింద, ఎండిన గట్ల మీద వెతకడం దండగ.

ఆకు జానెడు పొడవుంటుంది, రెండు మూడు వేళ్ల వెడల్పు. అంచులు నున్నగా, పైభాగం మైనం పూసినట్టు మెత్తటి ఆకుపచ్చ. మధ్య ఈనె తప్ప ముడతలుండవు. అడుగున ఆకు సన్నబడి కాడగా మారుతుంది. చాలాచోట్ల ఈ కాడ వంకాయ తొక్క రంగుకు దగ్గరగా ఎర్రగా ఉంటుంది. సన్నటి ఆకులూ తెల్లటి కాడలూ ఉండే రకం ఇంకొకటి ఉంది. దాన్ని బర్డికీ అంటారు. కాబట్టి కాడ ఎర్రగా లేనంత మాత్రాన ర్యాంప్ కాదనుకోనక్కర్లేదు, ఎర్రగా ఉన్నంత మాత్రాన ర్యాంపే అనుకోనూ కూడదు. ముఖ్యమైన గుర్తు ఇంకోటుంది: ప్రతి ఆకూ తన కాడతో నేరుగా నేలలోంచి, గడ్డ నుంచి వస్తుంది. నేల మీద నిలబడ్డ కాండం, దాని చుట్టూ మెట్లు మెట్లుగా ఆకులు, ఇలా ఉంటే అది ర్యాంప్ కాదు.

వేలితో కాస్త మట్టి తప్పించి చూస్తే, కింద తెల్లటి సన్నని గడ్డ ఉంటుంది. ఉల్లికాడల అడుగు భాగంలా పొడుగ్గా, పైన పల్చటి పొరతో. దాని మొదట్లో చిన్న గట్టి పీట, ఆ పీట నుంచి వేర్లు. గుర్తింపు కోసం మొక్కను పీకనక్కర్లేదు. మట్టి పక్కకు తోసి చూసి, మళ్లీ కప్పేస్తే సరిపోతుంది.

ఇక వాసన. ఆకు చివర చిదిమితే ఉల్లీ వెల్లుల్లీ కలిసిన ఘాటు గుప్పుమనాలి. రాకపోతే అక్కడితో ఆగిపోవాలి. అయితే వాసన పరీక్షలో ఒక మోసం ఉంది. అయిదారు ఆకులు చిదిమాక వేళ్లకే ఆ ఘాటు అంటుకుంటుంది. ఆ తర్వాత ఏ ఆకు ముట్టుకుని చూసినా వెల్లుల్లి వాసనే వస్తుంది, అది విషపు ఆకైనా సరే. ర్యాంప్స్ మధ్యలో మొలిచిన వేరే మొక్క ఆకు సంచిలోకి చేరేది ఇలాగే. కనుక ఆకును ఒక్కొక్కటిగా చూసి కోయాలి. గుప్పెడు పట్టి కొడవలితో కోసినట్టు కోయకూడదు. ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, కడిగేటప్పుడు మళ్లీ ఒక్కో ఆకూ చూసుకోవాలి.

పొరపాటు పడే మొక్కల్లో రెంటిని తప్పకుండా తెలుసుకోవాలి. మొదటిది లిల్లీ ఆఫ్ ద వ్యాలీ. యూరప్ నుంచి తోటల కోసం తెచ్చుకున్న మొక్క, పాత ఇళ్ల ఆనవాళ్లున్న అడవుల్లో గుంపులుగా పాకిపోయి ఉంటుంది. దాని ఆకులు రెండు, కొన్నిసార్లు మూడు, ఒకదాన్ని ఒకటి చుట్టుకుని ఒకే కాడలోంచి విచ్చుకుంటాయి. కింద గడ్డ ఉండదు, నేలలో అడ్డంగా పాకే తాడులాంటి వేరుకాండం ఉంటుంది. ఆకు చిదిమితే ఉల్లి వాసన రాదు. దానిలోని కాన్వలాటాక్సిన్ అనే విషం గుండె లయను దెబ్బతీస్తుంది. ఆకు, పువ్వు, కాయ, అన్నీ విషమే.

రెండోది ఫాల్స్ హెలిబోర్. ఇది ర్యాంప్స్‌తో పాటే, అదే వేళకు, కొంచెం ఎక్కువ తడి ఉన్న చోట లేస్తుంది. పెద్దదయ్యాక దీన్ని చూసి ఎవరూ మోసపోరు. నేలలోంచి ముక్కు బయటపెట్టిన తొలి వారంలోనే ప్రమాదం. దగ్గరగా చూస్తే ఆకు మీద పొడుగునా ఈనెలు లోతుగా, కుచ్చిళ్లు పెట్టిన చీరలా మడతలు పడి ఉంటాయి. ర్యాంప్ ఆకు మీద ఇలాంటి కుచ్చిళ్లు ఎప్పుడూ ఉండవు. దీన్ని తింటే వాంతులు పట్టుకుంటాయి, గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. ర్యాంప్స్ అనుకుని దీన్ని వండుకుని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఉడికించినా దాని విషం పోదు. ఏమాత్రం అనుమానం వచ్చినా అమెరికాలో విషప్రమాదాల సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222కి ఫోన్ చేయాలి. మనిషి కుప్పకూలితే నేరుగా 911. తిన్న ఆకు కొంచెం మిగిల్చి దగ్గర ఉంచుకుంటే వైద్యుల పని సులువవుతుంది.

యూరప్‌లో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట. అక్కడ వసంతంలో కోసుకునేది ర్యాంప్స్ కాదు, దాని దాయాది, జర్మనీలో బేర్లావుఖ్ అని పిలిచే మొక్క. దానిలాగే కనిపించే కాల్చికమ్ ఆకులు తిని చనిపోయినవాళ్లున్నారు. ఆ కాల్చికమ్‌లో ఉన్న కాల్చిసిన్, మన అడవినాభి దుంపలో ఉన్న విషం ఒకటే. పల్లెల్లో అడవినాభి పేరు చెప్పి పిల్లల్ని ఎంత భయపెడతారో, అక్కడ ఆ ఆకుల విషయంలో అంత భయమూ ఉండాలి.

తివాచీ లెక్క

ర్యాంప్స్ బాగా పెరిగిన కొండవాలును ఏప్రిల్‌లో చూస్తే కన్ను చెదురుతుంది. ఎండుటాకుల మధ్య నుంచి కొన్ని ఎకరాల మేర పచ్చటి తివాచీ పరిచినట్టు ఉంటుంది. ఇన్ని వేల మొక్కల్లో ఒక సంచీడు తీసుకుంటే ఏం పోతుందనిపిస్తుంది. ఈ మొక్కకు జరిగిన నష్టమంతా దాదాపుగా ఈ ఒక్క ఆలోచన నుంచే వచ్చింది.

ఆ తివాచీ వయసు ఎంతో ఆలోచించాలి. సెప్టెంబరులో రాలిన గింజ మరుసటి వసంతానికే మొలవాలని లేదు. ముందు వెచ్చటి తేమలో కొన్నాళ్లుంటే వేరు కదులుతుంది. ఆ తర్వాత ఒక చలికాలం గడిస్తేనే మొలక పైకి వస్తుంది. శరత్కాలంలో చలి త్వరగా ముదిరితే ఈ వరస ఒక ఏడాది వెనక్కి పోతుంది. అంటే గింజ నుంచి మొలక దాకానే ఏడాదిన్నర పట్టవచ్చు. మొలిచింది చూడబోతే గడ్డిపోచంత ఉంటుంది. ఏడాదికి ఆరేడు వారాల ఎండతో అది గడ్డ కట్టి, ఒక ఆకు, రెండాకులు వేసి, పూత పట్టే స్థాయికి రావడానికి 5 నుంచి 7 ఏళ్లు. గింజలు తల్లి మొక్క పక్కనే రాలిపోతాయి, దూరం పోవు. గడ్డ రెండుగా విడిపోయి పక్కన పిల్ల వేయడం వీటికి రెండో దారి. అదీ నెమ్మదే. అందుచేత ఒక వాలులో తుడిచిపెట్టుకుపోయిన ర్యాంప్స్ పక్క వాలు నుంచి వచ్చి నిండవు. ఆ పచ్చటి తివాచీ ఒక తరం మనిషి కంటే పాతదై ఉండవచ్చు.

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో జరిగిన దీర్ఘకాలపు పరిశీలన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. గడ్డతో సహా తవ్వేటప్పుడు, ఒక తావులోని మొక్కల్లో పదోవంతును పదేళ్లకొకసారి మాత్రమే తీస్తే ఆ గుంపు తట్టుకోగలదని ఆ పరిశీలన తేల్చింది. ఏటా పదోవంతు కాదు, పదేళ్లకొకసారి. ఈ ఒక్క వాక్యాన్ని లెక్కగా మార్చి చూద్దాం. ఒక తావులో 500 మొక్కలుంటే పదేళ్లలో తీయగలిగేవి 50, అంటే ఏడాదికి సగటున 5. బజార్లో ఒక కట్టకు పది మొక్కలు పడతాయనుకుంటే, 500 మొక్కల తావు రెండేళ్లకొక కట్ట ఇవ్వగలదు. అంతే.

ఇందులో ఇంకో చిక్కుంది. పదోవంతు నియమం ఆ తావుకు ఒక్కరే వచ్చేవాళ్లున్నప్పుడే పనిచేస్తుంది. అందరూ నడిచే అడవిలో, నియమం తెలిసిన మంచివాళ్లే పదిమంది ఒకరి తర్వాత ఒకరు వచ్చారనుకుందాం. ఎవరికి వాళ్లు తమకు కనిపించిన దాంట్లో పదోవంతే తీశారు. 500 కాస్తా 450 అవుతుంది, తర్వాత 405, పదో మనిషి వెళ్లేసరికి మిగిలేవి సుమారు 174. అత్యాశపరుడు ఒక్కడూ లేకుండానే మూడింట రెండు వంతులు ఖాళీ. ఎవరికి వారు బాధ్యతగానే నడుచుకున్నారు. ఊరి నడిబొడ్డున నడకదారి పక్కన కనిపించిన ర్యాంప్స్‌ను ముట్టుకోకపోవడం మేలని చెప్పేది అందుకే.

తవ్వడం మానేసి ఆకు మాత్రమే కోస్తే లెక్క చాలా మారుతుంది. గడ్డ నేలలోనే ఉంటుంది, మొక్క బతుకుతుంది. అయినా ఖర్చు లేకపోలేదు. కోసిన ఆకు ఆ ఏడాది గడ్డలోకి పంపాల్సిన పిండిపదార్థం తగ్గిపోతుంది, మరుసటేడు ఆకు చిన్నదవుతుంది. అందువల్ల ఒక మొక్క నుంచి ఒక్క ఆకే తీసుకోవాలి. అదీ రెండు మూడు ఆకులున్న ముదురు మొక్క నుంచే. ఒంటి ఆకు మొక్క ఇంకా పసిది, దాన్ని వదిలేయాలి. ఈ ఏడాది ఒక చోట కోస్తే వచ్చే రెండు మూడేళ్లు ఆ చోటికి విరామం ఇవ్వాలి. ఆకు పూర్తిగా విచ్చుకున్నాక కొన్ని వారాలు ఆగి కోస్తే, అప్పటికే కొంత నిల్వ గడ్డకు చేరి ఉంటుంది. లేతగా ఉన్నప్పుడే కోయాలన్న మన అలవాటు ఇక్కడ మొక్కకు ఎక్కువ నష్టం చేస్తుంది.

కత్తెరతోనో పదునైన చిన్న కత్తితోనో కాడను కోయాలి. లాగితే గడ్డ కదులుతుంది, ఒక్కోసారి ఊడి చేతికే వస్తుంది. అడుగులు చూసి వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, వసంతంలో ఆ నేల నానిన పిండిలా ఉంటుంది. బూటు కింద నలిగేది గడ్డిపోచల్లాంటి రెండేళ్ల మొలకలు. కోసిన ఆకుల కంటే తొక్కిన మొలకల వల్లే ఎక్కువ పోతుందేమోనన్నంత దట్టంగా ఉంటాయి కొన్ని తావులు. తివాచీ మధ్యలోకి పోకుండా అంచుల్లో నిలబడి కోసుకోవడం మంచిది.

నిషేధాలు, పాత హక్కులు

ఈ మొక్క విషయంలో అందరికంటే గట్టిగా వ్యవహరించింది క్యుబెక్ ప్రభుత్వం. 1995 నుంచి అక్కడ ర్యాంప్స్ అమ్మడం నేరం. రెస్టారెంట్లలో వడ్డించడానికీ వీల్లేదు. సొంత వంటకు ఒక మనిషి ఏడాదికి 50 గడ్డల వరకు తీసుకోవచ్చు, అదీ పార్కుల్లో కాకుండా. అయితే నది దాటితే ఒంటారియో. అక్కడ అలాంటి నిషేధం లేదు. క్యుబెక్‌లో దొంగచాటుగా తవ్విన గడ్డలు ఒటావా వైపు బజార్లకు చేరుతున్నాయన్న ఫిర్యాదు చాలా ఏళ్లుగా ఉంది. మొక్కకు సరిహద్దు తెలియదు, గిరాకీకీ తెలియదు. ఒక పక్క మాత్రమే ఉన్న నిషేధం ఎంత గట్టిదైనా అది సగం గోడే.

అమెరికాలో ఒక్కో చోట ఒక్కో తీరు. స్మోకీ పార్కులో 2000 దశకం ఆరంభం నుంచి ర్యాంప్స్ తవ్వడం నిషిద్ధం. జాతీయ పార్కు, జాతీయ అటవీప్రాంతం అనేవి పేర్లు ఒకలాగే ఉన్నా వేర్వేరు శాఖల కింద ఉంటాయి, నియమాలూ వేరు. మొదటిదాంట్లో మొక్కను ముట్టుకోకూడదన్నది సాధారణ నియమం. రెండోదాంట్లో పరిమితంగా, కొన్నిచోట్ల అనుమతిపత్రంతో, సొంతానికి తీసుకోనిస్తారు. రాష్ట్ర పార్కులది మరో దారి. ప్రైవేటు అడవిలో యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు. వెళ్లేముందు ఆ ప్రాంతపు అటవీ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవాలి. అడవిలో ఎవరూ కాపలా లేరన్నది అనుమతి కిందికి రాదు. వీసా మీద ఉన్నవాళ్లకు చిన్న జరిమానా కూడా పెద్ద తలనొప్పి కావచ్చు.

నిషేధాల చర్చలో తరచూ మరిచిపోయే మనుషులు చెరోకీలు అనే ఆదివాసీ తెగవాళ్లు. స్మోకీ కొండలు వాళ్ల పూర్వీకుల నేల. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఈ మొక్కకు తమ దేశపు 'రామ్‌సన్' పేరును అరువిచ్చి ర్యాంప్ చేయడానికి ఎంతో ముందే, చలికాలం ముగిశాక తొలి పచ్చికూరగా చెరోకీలు దీన్ని తింటున్నారు. వాళ్ల పెద్దల పద్ధతి ఒకటి నమోదై ఉంది: మొక్కను పూర్తిగా పీకరు. మట్టిలోకి కత్తి దించి, గడ్డను అడుగు పీటకు కాస్త పైన కోసి, వేర్లున్న ఆ పీటను నేలలోనే వదిలేస్తారు. ఆ పీట నుంచి మళ్లీ మొలక రావచ్చు. శాస్త్రవేత్తలు తూకాలు వేయకముందే తరాలుగా కొండవాలును చూస్తూ బతికినవాళ్లు కనిపెట్టుకున్న పద్ధతి అది. కొండలు ఖాళీ అవడానికి కారణం వాళ్లు కాదు, ట్రక్కుల్లో సంచులు నింపుకుని నగరాలకు పంపిన వ్యాపారం. నిషేధం మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడింది. సోచన్ అనే ఇంకో ఆకుకూర విషయంలో 2019లో పార్కు అధికారులు తూర్పు చెరోకీ తెగతో ఒప్పందం చేసుకుని, తెగ సభ్యులు కొందరికి అనుమతులిచ్చి కోసుకోనిస్తున్నారు. పెంచినవాళ్లకూ దోచినవాళ్లకూ తేడా చూడగల చట్టం సాధ్యమేనని ఆ ఒప్పందం చూపింది. ర్యాంప్స్ విషయంలోనూ అదే న్యాయం.

కొండపల్లెల్లో ర్యాంప్స్ అంటే పండగ. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్ అనే చిన్న ఊరు తనను తాను ర్యాంప్స్ రాజధానిగా చెప్పుకుంటుంది, ఏటా వసంతంలో అక్కడ ఊరంతా కలిసి విందు చేసుకుంటుంది. ఆ ఊరి పత్రికా సంపాదకుడు జిమ్ కామ్‌స్టాక్ ఒకసారి అచ్చు సిరాలో ర్యాంప్స్ రసం కలిపి పత్రిక వేశాడు, తపాలా శాఖ నుంచి చీవాట్లు తిన్నాడు. ర్యాంప్స్ తిన్న పిల్లల్ని వాసన భరించలేక బడి నుంచి ఇంటికి పంపేసేవారని ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఒకప్పుడు సిగ్గుపడిన వాసన ఇప్పుడు ఖరీదైన కంచంలోకి ఎక్కిందంటే సంతోషించాల్సిందే. ఆ ఖరీదే కొండవాలు మీదికి గునపం తెస్తోందన్నదే బాధ.

కూరగా కాదు, పోపుగా

కోత తగ్గించే ఉపాయం అడవిలో కంటే వంటింట్లోనే ఎక్కువ ఉంది. ర్యాంప్స్‌ను పాలకూరలా కట్టలు కట్టలు తరిగి కూర వండాలనుకుంటే ఏ కొండా చాలదు. దాని ఘాటు అంత దండిగా వాడాల్సిన ఘాటు కూడా కాదు. దీన్ని వెల్లుల్లి స్థానంలో, పోపు దినుసుగా చూస్తే నలుగురి ఇంటికి నాలుగైదు ఆకులు చాలు. ముద్దపప్పు దించాక నేతిలో జీలకర్ర, ఎండుమిర్చి వేగనిచ్చి, చివర్లో సన్నగా తరిగిన ర్యాంప్ ఆకు వేసి వెంటనే పొయ్యి కట్టేయాలి. ఎక్కువ వేగితే ఘాటు పోయి వట్టి తీపి మిగులుతుంది. కోడిగుడ్డు అట్టులో రెండాకులు, వేయించిన బంగాళాదుంపలో మూడు. అపలాచియన్ ఇళ్లలో కూడా పాత వంట ఇదే, బంగాళాదుంపలూ గుడ్లూ.

నిల్వపచ్చడి పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వెల్లుల్లి జాతి ఏదైనా పులుపు లేకుండా నూనెలో ముంచి బయట ఉంచితే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదముంది. చింతపండో నిమ్మరసమో దండిగా పడని నూనె పచ్చడిని ఫ్రిజ్‌లోనే ఉంచి కొద్ది రోజుల్లో తినేయాలి. మిగిలిన ఆకును వెన్నలో కలిపి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది.

బజార్లో కొనేవాళ్లు కట్ట అడుగు చూడాలి. వేర్లతో, గడ్డలతో ఉన్న కట్ట అంటే మొక్కలు మొత్తంగా పోయినట్టే. ఆకులు మాత్రమే అమ్మేవాళ్లను వెతికి కొనడం, లేకపోతే 'ఆకులే తెస్తారా' అని అమ్మేవాళ్లను అడగడం, ఈ రెండూ కొండ దాకా వెళ్లే ప్రశ్నలు.

ఆ వెల్లుల్లి రుచి అడవి నుంచే కావాలనుకునేవాళ్లకు నిస్సంకోచంగా చూపించదగ్గ మొక్క ఒకటుంది: గార్లిక్ మస్టర్డ్. యూరప్ నుంచి వచ్చిన మొక్క, 1868లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో తొలిసారి నమోదైంది. ఇప్పుడు ర్యాంప్స్ పెరిగే అడవుల్లోనే కలుపులా అల్లుకుపోయి స్థానిక మొక్కల చోటు ఆక్రమిస్తోంది. ఆవాల జాతిది, చిదిమితే వెల్లుల్లి వాసన, కొంచెం చేదు. మనకు ఆవకూర అలవాటే కాబట్టి ఆ చేదు ఇబ్బంది పెట్టదు. పప్పులోకీ పచ్చడిలోకీ లేత ఆకులు బాగుంటాయి. చాలాచోట్ల వసంతంలో స్వచ్ఛంద కార్యకర్తలు గుంపులుగా వెళ్లి దీన్ని పీకేస్తుంటారు. స్థానికంగా అడిగి, మందు చల్లని చోట, వేర్లతో సహా ఎంత పీకితే అంత మంచిది. పూత దశకు వచ్చిన మొక్కను పీకి అక్కడే పడేస్తే గింజ కడుతుంది, కనుక సంచిలో మూటకట్టి తీసుకురావాలి.

ఇంటి వెనక మేపుల్ చెట్టూ దాని కింద తడి నీడా ఉన్నవాళ్లు ర్యాంప్స్‌ను తామే పెంచుకోవచ్చు. గింజలు అమ్మే నర్సరీలున్నాయి. పార్కుల్లోంచి ఏరకుండా వాటినే కొనుక్కోవాలి. శరత్కాలంలో ఎండుటాకులను పక్కకు తోసి, గింజలను మట్టిలోకి వేలితో అదిమి, మళ్లీ ఆ ఆకులనే దుప్పటిలా కప్పాలి. ఎక్కడ వేశామో గుర్తుగా చిన్న పుల్ల గుచ్చాలి, ఎందుకంటే మొదటి వసంతంలో అక్కడ ఏమీ కనిపించకపోవచ్చు. రెండో వసంతంలో గడ్డిపోచ లాంటిది ఒకటి లేస్తుంది. కలుపనుకుని దాన్ని పీకేసేది ఆ పుల్ల లేని ఇళ్లలోనే.